పదిహేడు పూసల పంపకం: మనిషికి నడుము ఎలా వచ్చింది

చివరి పక్కటెముక కింద, నడుం పక్కన వేళ్లు ఆనించి చూడండి. అక్కణ్నుంచి తుంటి ఎముక పైఅంచు తగిలేదాకా ఎముక లేని మెత్తని జాగా ఒకటి ఉంటుంది. ఒకరికి రెండు వేళ్లు పడుతుంది, ఇంకొకరికి నాలుగు. బిందె చంకన పెట్టుకుంటే కుదురుగా కూర్చునేది ఈ నొక్కులోనే. పసిపిల్లను ఎత్తుకున్నా అంతే. పక్కకి వంగినా, కాళ్లు కదపకుండా వెనక్కి తిరిగి చూసినా ముందు మడత పడేది ఇక్కడే. చింపాంజీకి ఈ జాగా దాదాపు లేదు. దాని చివరి పక్కటెముకలు తుంటి ఎముకను ఆనుకున్నంత దగ్గరగా ఉంటాయి. మొండెం అంతా ఒకే దిమ్మెలా కదులుతుంది.

మనిషి వెన్ను గురించి తరచూ వినే మాట ఒకటుంది. నాలుగు కాళ్ల జంతువు లేచి నిలబడింది, వంతెనలా అడ్డంగా ఉండాల్సిన వెన్ను స్తంభంలా నిలువైంది, అందుకే మనకి నడుంనొప్పులు అని. ఈ మాట మధ్యలో కోటిన్నర ఏళ్లకు పైగా చరిత్రను మింగేస్తుంది. మన పూర్వీకులు కోతి వెన్నును తీసుకొచ్చి నేరుగా నిలబెట్టలేదు. ముందు తోక పోయింది, మొండెం నిలువైంది, నడుము పొట్టిదై బిగుసుకుంది. మనిషి వంశం ఆ బిగువును సడలించుకుంటూ వచ్చింది. ఈ వరస అర్థమైతేనే శిలాజాల మీద పండితుల వాదాలూ, మన నడుములో ఏ పూస ఎందుకు చెడుతుందో కూడా అర్థమవుతాయి.

ముందు ఒక మాట. వాడుకలో కోతి, వానరం ఒకటే. ఇక్కడ మాత్రం తోక ఉన్నదాన్ని కోతి అనీ, తోకలేని గిబ్బన్, ఒరంగుటాన్, గొరిల్లా, చింపాంజీ, బొనోబోలను వానరాలు అనీ అంటున్నాం. మన దేశపు అడవుల్లో కనిపించే వానరం హూలక్ గిబ్బన్ ఒక్కటే, అదీ ఈశాన్య రాష్ట్రాల్లో. గుడి మెట్ల మీద కనిపించేవీ, పొలాల మీద పడే కొండముచ్చులూ కోతుల కిందికే వస్తాయి.

పూసల లెక్క

మెడలో ఏడు పూసలు. ఎలుకకీ ఏడే, జిరాఫీకీ ఏడే. స్లాత్, మనాటీ లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప పాలిచ్చే జంతువులన్నిటికీ ఇంతే కాబట్టి మెడను పక్కన పెట్టేయొచ్చు. కథంతా ఆ కింద ఉంది. పక్కటెముకలు అతికి ఉన్నవి ఛాతీపూసలు. పక్కటెముకలు లేకుండా విడిగా కదిలేవి నడుంపూసలు. ఒకదానితో ఒకటి అతుక్కుపోయి తుంటి ఎముకల మధ్య మేకులా దిగినవి త్రికం. ఆ కింద తోక, లేదా తోక మిగిల్చిన చిన్న ముక్క.

కోతులకూ కొండముచ్చులకూ మామూలుగా ఛాతీపూసలు 12, నడుంపూసలు 7, మొత్తం 19. గిబ్బన్‌కు 13, 5. చింపాంజీకి 13 ఛాతీపూసలు, నడుంపూసలు నాలుగు, కొన్నిటికి మూడే. గొరిల్లాకూ 13, మూడో నాలుగో. ఒరంగుటాన్‌కు 12, 4. మనిషికి 12, 5.

చింపాంజీ 13, 4 కలిపితే 17. మనిషి 12, 5 కలిపినా 17. మనకి నడుంపూస ఒకటి ఎక్కువగా ఉన్నది కొత్త పూస పుట్టడం వల్ల కాకపోవచ్చు. ఉన్న పదిహేడింటి పంపకంలో గట్టు ఒక పూస పైకి జరిగి ఉండొచ్చు, అంటే పదమూడో ఛాతీపూస పక్కటెముకలను వదిలేసి నడుములో చేరిందన్నమాట. కోతి దగ్గర్నుంచి వస్తే కింది గట్టు కూడా జరిగింది. కోతి త్రికంలో పూసలు మూడే, మనకు ఐదు. మెడ నుంచి త్రికం చివరిదాకా కలిపితే కోతికి 7, 12, 7, 3, మొత్తం 29. మనకి 7, 12, 5, 5, అదీ 29. రెండు నడుంపూసలు త్రికంలో కలిసిపోయాయని ఈ లెక్కే చెబుతోంది.

ఈ గట్లను పిండంలో గీసేవి హాక్స్ జన్యువులు. 2003లో యూటా విశ్వవిద్యాలయంలో డెనీన్ వెలిక్, మారియో కపెకీ ఎలుకల్లో హాక్స్10 వర్గం జన్యువులన్నిటినీ పనిచేయకుండా చేశారు. నడుంపూసలకు, త్రికం పూసలకు కూడా పక్కటెముకలు మొలిచాయి. అంటే ప్రతి పూసా పక్కటెముక మొలిపించడానికి సిద్ధంగానే ఉంటుంది, నడుం దగ్గర హాక్స్10 వద్దని ఆపుతుంది. హాక్స్11 వర్గాన్ని తీసేస్తే త్రికం ఏర్పడాల్సిన చోట నడుంపూసల్లాంటివి వచ్చాయి. ఈ ఆజ్ఞలు ఒక పూస పైన మొదలైనా, ఒక పూస కింద మొదలైనా పంపకం మారిపోతుంది. పూసల సంఖ్య మనుషుల్లోనే అక్కడక్కడా తేడాగా ఉండటానికి కారణం ఇదే. చింపాంజీల్లో ఆ తేడా ఇంకా ఎక్కువ.

తోక సంగతి వేరే జన్యువుది. టీబీఎక్స్‌టీ అనే జన్యువులో, కోతులకు లేకుండా వానరాలకూ మనిషికీ మాత్రమే ఉన్న ఒక అతుకు కనిపించింది. అల్యూ అనే, సుమారు 300 అక్షరాల డీఎన్ఏ ముక్క అది, జన్యుపటంలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకే రకం. దాని పక్కనే తిరగేసిన మరో పాత అల్యూ ముక్క ఉంది. రెండూ ఒకదానికొకటి అంటుకుని, మధ్యలో ఉన్న ఆరో ఎక్సాన్‌ను (ప్రోటీన్ తయారీకి సంకేతం ఉండే జన్యువు భాగాన్ని) ఉచ్చులోకి లాగుతాయి. దాంతో ఆ భాగం లేని ప్రోటీన్ కూడా తయారవుతుంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయం బృందం 2024లో నేచర్ పత్రికలో ఈ ఫలితం ప్రచురించింది. అదే మార్పు చేసిన ఎలుకలు కొన్ని మొండి తోకతో, కొన్ని అసలు తోక లేకుండా పుట్టాయి. కొన్నిటికి వెన్నుపాము మూసుకోకపోవడం అనే లోపం కూడా వచ్చింది. తోక పోవడానికి వానరాలు పెద్ద మూల్యమే చెల్లించి ఉండాలి. ఇది జరిగింది సుమారు 2.5 కోట్ల ఏళ్ల కిందట అని అంచనా.

బిగుసుకున్న నడుము

కోతి కొమ్మల మీద నాలుగు కాళ్లతో పరుగెడుతుంది, దూకుతుంది. పొడవైన నడుము విల్లులా వంగి సాగితే అడుగు పెద్దదవుతుంది. వానరం శరీరం బరువెక్కింది. 40, 50 కిలోల జంతువు సన్నని కొమ్మ మీద నడవలేదు. చెట్టు మాను పట్టుకుని నిలువునా ఎక్కాలి, ఒక చేత్తో వేలాడుతూ ఇంకో కొమ్మకి చెయ్యి చాపాలి. అప్పుడు మొండెం మధ్యలో వంగిపోతే ప్రమాదం.

ఇంజనీరింగ్ చదివినవాళ్లకి ఆయిలర్ సూత్రం గుర్తుండే ఉంటుంది. స్తంభం ఎంత బరువుకి పక్కకి వంగిపోతుందన్నది దాని పొడవు వర్గానికి విలోమంగా ఉంటుంది. పొడవు సగమైతే నాలుగింతల బరువు ఆపుతుంది. వెన్ను ఆదర్శ స్తంభం కాదు గానీ, పెద్ద వానరాల నడుము పొట్టిదైపోవడానికి ఇదే దారి చూపిస్తుంది. వాటిలో నడుంపూసల సంఖ్య తగ్గింది, ఒక్కో పూస ఎత్తూ తగ్గింది. అంతటితో ఆగలేదు. తుంటి ఎముక రెక్కలు పైకి పొడుగ్గా పెరిగి, కింది ఒకటి రెండు నడుంపూసలను రెండు వైపులా పట్టుకున్నాయి. ఇక ఆ పూసలు కదలలేవు.

ఒక నడుంపూసను చేతిలోకి తీసుకుంటే ముందు దిమ్మె, వెనక కమాను, రెండు పక్కలా కొమ్ములు కనిపిస్తాయి. కోతి పూసలో ఈ పక్క కొమ్ములు దిమ్మె పక్కల నుంచి మొలిచి ముందుకి చూస్తాయి. వానరం పూసలో, మన పూసలో కూడా, అవి వెనక్కి జరిగి దిమ్మె, కమాను కలిసే చోట మొలుస్తాయి. ఛాతీ వెడల్పై, వెన్ను ఛాతీగూడు లోపలికి జరగడంతో పాటు వచ్చిన మార్పు ఇది. శిలాజ వానరం పూస దొరికితే శాస్త్రజ్ఞులు ముందు చూసేది ఆ కొమ్ము మొలిచే చోటునే.

కెన్యాలో, విక్టోరియా సరస్సులోని ఎంఫంగానో దీవిలో దొరికిన ఎకెంబో అనే తొలి వానరం ఎముకలు సుమారు 1.8 కోట్ల ఏళ్లనాటివి. తోక లేదు గానీ, వెన్ను ఇంకా కోతిదే. పొడవైన పూసలు, ఆరేడు నడుంపూసలు ఉండొచ్చని అంచనా, కొమ్ములు దిమ్మె నుంచే. తోక పోవడం, నడుము బిగుసుకోవడం వేర్వేరు సంఘటనలని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు. కానీ ఉగాండాలోని మొరోటోలో దొరికిన మొరోటోపిథెకస్ సుమారు 2.1 కోట్ల ఏళ్లది, ఎకెంబో కన్నా పాతది. దాని నడుంపూసలో కొమ్ము అప్పటికే వెనక్కి జరిగి ఉంది. చరిత్ర మనం గీసిన మెట్ల వరసలో నడవలేదన్నమాట. స్పెయిన్‌లోని కాటలోనియాలో దొరికి, 2004లో ప్రకటించిన పియరోలాపిథెకస్, సుమారు 1.2 కోట్ల ఏళ్లనాటిది, ఇంకో ముడి విప్పుతుంది. దానికి వెడల్పు ఛాతీ, వానరపు నడుంపూస ఉన్నాయి, చేతివేళ్లు మాత్రం పొట్టివి, వేలాడే జంతువు వేళ్లు కావు. నిలువు మొండెం వేలాడటం కోసం రాలేదు, అంతకు ముందే చెట్లెక్కడం కోసం వచ్చి ఉండాలి.

ఇక్కడొక ఆశ్చర్యం చెప్పాలి. జపాన్‌లో కోతులాడించేవాళ్లు మకాక్ కోతులకు రెండు కాళ్ల నడక నేర్పుతారు. ఏళ్ల తరబడి అలా నడిచిన కోతులకు నడుం దగ్గర మనలాంటి లోవంపు వచ్చింది. 1980లలో ఎక్స్‌రేలు తీసి చూసిన సంగతి ఇది. ఏడు పూసల పొడవైన నడుము ఉంది కాబట్టి కోతికి సాధ్యపడింది. మనకు ఎంతో దగ్గర చుట్టమైన చింపాంజీకి అది కుదరదు. రెండు కాళ్ల మీద నిలబడితే మొండెం బరువు ముందుకి పడుతుంది, వెనక్కి వంచడానికి నడుము లేదు, అందుకని తుంటినీ మోకాళ్లనూ మడిచి నడుస్తుంది. కండరాలు త్వరగా అలిసిపోతాయి.

ఐదా, ఆరా

ఆఫ్రికాలో చింపాంజీ, మనిషి వంశాలు విడిపోకముందు ఉన్న పూర్వీకుడి నడుము ఎలాంటిది? దీనిమీద రెండు పక్షాలున్నాయి. ఒవెన్ లవ్‌జాయ్, మెలనీ మెకలమ్ తదితరులు పొడవైన నడుమే అంటారు, ఆరేడు పూసలతో. చింపాంజీలూ గొరిల్లాలూ ఎవరికి వారు విడిగా పొట్టి చేసుకున్నాయని వాదన. మనిషి వంశపు తొలి జీవుల్లో ఒకటిగా భావించే, 44 లక్షల ఏళ్లనాటి ఆర్డిపిథెకస్‌కూ ఆరు ఉండొచ్చని వారు లెక్కగట్టింది తుంటి ఎముకను బట్టే. డేవిడ్ పిల్‌బీమ్, స్కాట్ విలియమ్స్ తదితరులు పూర్వీకుడిది పొట్టి నడుమే అంటారు, మూడు నాలుగు పూసలతో. బరువు రెండో పక్షం వైపే ఎక్కువగా కనిపిస్తుంది. గొరిల్లా, చింపాంజీ, ఒరంగుటాన్, మూడూ విడివిడిగా ఒకే రకం పొట్టి నడుముకి చేరాయనడం కన్నా, పదిహేడు పూసల్లో ఒక గట్టు జరిగిందనడం తేలిక. అయినా మొరోటోపిథెకస్ లాంటివి ఉన్నంతకాలం విడివిడిగా రావడం అసాధ్యమని కొట్టిపారేయలేం.

శిలాజాలు చూస్తే ఈ గొడవ ఇంకా చిక్కుపడింది. దక్షిణాఫ్రికాలోని స్టెర్క్‌ఫాంటెయిన్‌లో 1947లో రాబర్ట్ బ్రూమ్, జాన్ రాబిన్సన్ వెలికితీసిన ఎస్‌టీఎస్ 14 అనే, మనిషి వంశపు పాత జాతి ఆస్ట్రలోపిథెకస్ ఆఫ్రికానస్ వెన్నులో ఆరు నడుంపూసలని రాబిన్సన్ లెక్కపెట్టాడు. 1984లో కెన్యాలోని తుర్కానా సరస్సు పడమటి ఒడ్డున కమోయా కిమ్యు కనిపెట్టిన హోమో ఎరెక్టస్ బాలుడు, సుమారు 15 లక్షల ఏళ్లనాటివాడు, అతనికీ మొదట ఆరే అన్నారు. 2011లో మార్టిన్ హాయిస్లర్ బృందం ముక్కలన్నిటినీ మళ్లీ పరిశీలించి 12 ఛాతీపూసలు, 5 నడుంపూసలే అని తేల్చింది.

ఐదు అన్నవాళ్లూ ఆరు అన్నవాళ్లూ ఒకే ఎముకను చూశారు. తేడా ఎక్కడ వచ్చిందంటే, నడుంపూస అంటే ఏమిటన్న దగ్గర. పక్కటెముక ఉందా లేదా అన్నది ఒక కొలమానం. పూసలను వెనకవైపు కలిపే చిన్న కీళ్లు ఏ దిక్కుకి చూస్తున్నాయన్నది ఇంకో కొలమానం. ఛాతీలో ఆ కీళ్లు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి, మెలి తిరగనిస్తాయి. నడుములో అవి ఎదురెదురు అరచేతుల్లా నిలబడి ఉంటాయి, ముందుకీ వెనక్కీ వంగనిస్తాయి, మెలికను ఆపుతాయి. ఒక రకం నుంచి ఇంకో రకానికి మారే పూస ఒకటి ఉంటుంది. వానరాల్లో అది చివరి ఛాతీపూస. మనలో చాలామందికి కూడా చివరిదైన పన్నెండోదే. ఎస్‌టీఎస్ 14లో, తుర్కానా బాలుడిలో అది పదకొండోది. అంటే వాళ్ల పన్నెండో పూసకు పక్కటెముకలున్నా పనిమాత్రం నడుంపూసది. పక్కటెముకలతో లెక్కిస్తే ఐదు, పనితో లెక్కిస్తే ఆరు. రెండు లెక్కలూ నిజమే.

దీన్ని ఖాయం చేసింది ఓ పసిపిల్ల. ఇథియోపియాలోని డికికాలో 2000లో జెరెసెనాయ్ అలెమ్‌సెగెద్ బృందానికి దొరికిన సెలామ్ (ఆస్ట్రలోపిథెకస్ అఫారెన్సిస్ జాతి), సుమారు 33 లక్షల ఏళ్ల కిందట మూడేళ్లు నిండకుండానే చనిపోయింది. ఇసుకరాయిలో ఇరుక్కున్న వెన్నును ఏళ్ల తరబడి గింజ గింజగా తొలిచి, ఆపై సూక్ష్మ స్కానింగ్ చేసి 2017లో వివరాలు ప్రకటించారు. ఏడు మెడపూసలు, పన్నెండు ఛాతీపూసలు, కీళ్లు మారేది పదకొండో దగ్గర. మెడ, ఛాతీ పూసలన్నీ ఉన్న ఇంత పాత వెన్ను అది ఒక్కటే. అదే జాతికి చెందిన ప్రసిద్ధ లూసీ ఎముకల్లో అంతటి భరోసా లేదు. 1974 నుంచి లూసీదే అనుకున్న ఓ పూస ముక్క నిజానికి ఓ గెలాడా బబూన్‌దని 2015లో తేలింది. వరదనీటిలో కొట్టుకొచ్చిన ఎముకల మధ్య ఇలాంటి పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఒక్క పూస పక్కకి పడితే వెన్ను లెక్కంతా మారుతుంది కనుక ఇక్కడ మాత్రం అది ఖరీదైన పొరపాటు.

లోవంపు ఎలా నిలబడుతుంది

సంఖ్య కన్నా ఆకారమే పని చేస్తుంది. మొండెం బరువు సరిగ్గా తుంటి మీద పడాలంటే నడుము లోపలికి వంగాలి. పుట్టిన బిడ్డ వెన్ను ఒకే గూనిలా ఉంటుంది. తల నిలిపినప్పుడు మెడ వంపు, లేచి నడిచినప్పుడు నడుం వంపు గట్టిపడతాయి. ఆ వంపును నిలబెట్టడానికి కింది పూసలు ఆప్పు (వెడ్జ్) ముక్కల్లా మారాయి, ముందు ఎత్తు ఎక్కువ, వెనక తక్కువ. అందరికన్నా కిందున్న ఐదోదానిలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. తుంటి రెక్కలు పొట్టిగా, పక్కలకు విచ్చుకుని, త్రికం వెడల్పు కావడంతో ఆ పూసలకు ఊపిరాడింది.

స్త్రీ పురుషుల్లో తేడా ఉంది. కేథరిన్ విట్‌కమ్, లైజా షపీరో, డేనియల్ లీబర్మన్ 2007లో చూపించిన ప్రకారం, స్త్రీలలో ఆప్పు ఆకారం కింది మూడు పూసల మీద పరుచుకుంటుంది, పురుషుల్లో రెండిటి మీదే. నిండు గర్భంలో బరువు ముందుకి లాగుతుంటే వెనక్కి వంగాలి, ఆ వంపు మూడు పూసలు పంచుకుంటే ఒక్కో కీలు మీద పడే జార్చే ఒత్తిడి తగ్గుతుంది. స్త్రీదని భావించే ఎస్‌టీఎస్ 14లో కూడా మూడే. పాతిక లక్షల ఏళ్ల కిందట తల్లులు బిడ్డను కడుపులో మోస్తూ నిలబడి నడిచిన గుర్తు ఆ మూడు పూసల్లో ఉందంటే, ఆ ఎముకను ఇంకోసారి చూడాలనిపిస్తుంది.

రెండో సర్దుబాటు వెనక కీళ్లలో ఉంది. లోవంపు ఉన్నప్పుడు పైపూస కీలు కొన కిందపూస కమాను మీద గుచ్చుకుంటుంది. తప్పించుకోవడానికి ఎడమ కీలుకీ కుడి కీలుకీ మధ్య దూరం కిందికి వెళ్లేకొద్దీ పెరుగుతూ పోతుంది, గోపురంలా. దక్షిణాఫ్రికాలోని మలాపాలో దొరికిన, 19.8 లక్షల ఏళ్లనాటి ఆస్ట్రలోపిథెకస్ సెడిబా స్త్రీ వెన్నులో ఈ గోపురం ఉంది. పూర్వం గని కార్మికులు గుహ పక్కన వేసిన బాటలోని రాళ్లలో 2015లో ఆమె నడుంపూసలు కనిపించాయి. రాతిలోంచి తీయకుండానే మైక్రో సీటీతో చూసి 2021లో ప్రచురించారు. అదే పూసలకు పక్క కొమ్ములు పొడవుగా, పైకి తిరిగి ఉన్నాయి, మొండెం కండరాలు చెట్లెక్కేంత బలమైనవని అర్థం. అటు నడక, ఇటు కొమ్మ, రెండూ ఒకే నడుముతో.

ఎక్కడ విరుగుతుంది

కింది కీళ్ల దూరం చాలినంత పెరగని మనుషులున్నారు. వాళ్లలో ఐదో నడుంపూస కమాను, పైన నాలుగో పూస కీలు కొనకీ, కింద త్రికం కీలు కొనకీ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా నలుగుతుంది. పదే పదే వెనక్కి వంగి మెలితిరిగితే సన్నని చోట పగులుతుంది. ఫాస్ట్ బౌలర్ల ‘బ్యాక్ స్ట్రెస్ ఫ్రాక్చర్’ ఇదే, ఎక్కువగా బంతి వేసే చేతికి ఎదుటి వైపున. డాక్టర్లు స్పాండిలోలైసిస్ అంటారు. పెద్దవాళ్లలో నూటికి ఐదారుగురికి ఉంటుంది, చాలామందికి తెలియను కూడా తెలియదు. రెండు పక్కలా పగిలితే పూస దిమ్మె త్రికం వాలు మీద ముందుకి జారొచ్చు.

డిస్కు సమస్యల దారి వేరు. కింబర్లీ ప్లాంప్ బృందం 2015లో, డిస్కు పదార్థం పూస దిమ్మెలోకి పొడుచుకొచ్చిన గుంటలున్న మనుషుల పూసలను ఆరోగ్యవంతుల పూసలతో, చింపాంజీల పూసలతో పోల్చింది. గుంటలున్నవాటి ఆకారం చింపాంజీ వైపు మొగ్గింది. 2020లో అదే బృందం కమాను పగిలినవాళ్ల పూసలు చూస్తే అవి సరిగ్గా రెండో కొసన, మామూలు మనిషి ఆకారాన్ని దాటి అవతలికి వెళ్లినట్టు కనిపించాయి. నిలబడి నడవడమే నొప్పికి కారణమైతే అందరికీ ఒకేలా రావాలి. వెన్ను రెండు కాళ్ల నడకకు ఎంతవరకు అనువుగా మారిందన్నది మనిషికీ మనిషికీ మారుతుంది, ఎవరు ఏ కొసన ఉన్నారన్నదాన్ని బట్టి దెబ్బ తగిలే చోటు మారుతుంది.

గట్లు ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఎంఆర్ఐ రిపోర్టులో ‘ఎల్5 సాక్రలైజేషన్’ అని రాస్తే, మీ ఐదో నడుంపూస పూర్తిగానో ఒక పక్కనో త్రికంలో కలిసిందని అర్థం. ‘ఎస్1 లంబరైజేషన్’ అంటే దానికి ఎదురు, త్రికం మొదటి పూస విడిపోయి నడుములో చేరింది. చాలాసార్లు దానివల్ల ఏ బాధా ఉండదు. ఆపరేషన్ చేయాల్సి వస్తే మాత్రం లెక్క తప్పే ప్రమాదం ఉంది. కింది నుంచి లెక్కపెట్టే డాక్టరుకి ఒక పూస పైన, పై నుంచి లెక్కపెట్టే డాక్టరుకి ఒక పూస కింద తగులుతుంది. అందుకే అలాంటి రిపోర్టు ఉన్నవాళ్లు పాత ఎక్స్‌రేలూ స్కాన్‌లూ అన్నీ తీసుకెళ్లాలి, వీలైతే మెడ నుంచి మొదలుపెట్టి పూసలన్నీ ఒకే బొమ్మలో కనిపించేలా తీయమని అడగాలి.